ఎక్స్‌రేలో ఏమీ లేదు, నొప్పి మాత్రం ఉంది: పరుగెత్తేవారు ఏ పరీక్ష ఎంచుకోవాలి?

పరుగెత్తేవారికి కాలి ఎముకలో నొప్పి మొదలైతే మన దగ్గర కథ చాలావరకు ఒకేలా నడుస్తుంది. రెండు మూడు వారాలు ఓర్చుకుంటారు. తగ్గకపోతే ఎక్స్‌రే తీయిస్తారు. ఎముకలో తేడా ఏమీ లేదని రిపోర్టు వస్తుంది. హమ్మయ్య అనుకుని, కండరం పట్టిందనో నరం బెణికిందనో తేల్చుకుని, నూనె రాసి, నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ మైదానానికి వెళతారు. కొన్ని వారాలు గడిచేసరికి నడవడమే కష్టమవుతుంది. ఇందులో ఎక్స్‌రే తీసినవారి తప్పు లేదు, చదివినవారి తప్పూ లేదు. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే దెబ్బేమీ తగలకుండానే పదేపదే పడే భారంతో ఎముకలో వచ్చే సన్నని పగులు, తొలి వారాల్లో సాధారణంగా ఎక్స్‌రేకు దొరకదు. ఆ సంగతి తెలియక, ‘నార్మల్’ అన్న ఒక్క మాట పట్టుకుని పరుగు కొనసాగించడం వల్లే చిన్న పగులు పెద్దదవుతుంది.

స్ట్రెస్ ఫ్రాక్చర్ అనే మాట మనలో చాలామందికి క్రికెట్ ద్వారా పరిచయం. 2019లో జస్‌ప్రీత్ బుమ్రాకు నడుము కింది భాగంలో చిన్న స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందని బీసీసీఐ ప్రకటించింది. మామూలుగా జరిపే స్కానింగులోనే అది బయటపడింది. జాతీయ జట్టు ఆటగాళ్లకు అలాంటి ఏర్పాట్లు ఉంటాయి. నోటిఫికేషన్ పడగానే తెల్లవారుజామున ఊరి బయట తారు రోడ్డు మీద 1600 మీటర్ల పరుగు సాధన మొదలుపెట్టే కానిస్టేబుల్ అభ్యర్థికి, 800 మీటర్ల కోసం కష్టపడే అమ్మాయికి, అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్న కుర్రవాడికి ఎవరు స్కాన్ తీస్తారు? ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం వేసవి చివర్లో హడావుడిగా దూరం పెంచే ఉద్యోగులదీ ఇదే పరిస్థితి. ఏ పరీక్ష ఎప్పుడు పనికొస్తుందో చెప్పే ఈ పోలిక వాళ్ల కోసం.

ఇందులో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటే. పరీక్షను ధర చూసి ఎంచుకోకండి, నొప్పి ఉన్న చోటు చూసి ఎంచుకోండి. కొన్ని చోట్ల ఖరీదైన పరీక్షే అక్కర్లేదు. కొన్ని చోట్ల ఎక్స్‌రే రిపోర్టు దగ్గర ఆగిపోవడం అపాయం.

ఎక్స్‌రేకు ఎందుకు దొరకదు

ఎముక నిరంతరం తనను తాను బాగుచేసుకుంటూ ఉంటుంది. పరుగు భారం పెరిగినప్పుడు, అరిగిన భాగాన్ని కొన్ని కణాలు ముందుగా తొలిచేస్తాయి. దీనికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ ఖాళీని కొత్త ఎముకతో పూడ్చే కణాలకు మాత్రం మూడు నెలల దాకా కావాలి. మరమ్మతు కోసం రోడ్డు తవ్వి, కొత్త తారు వేయకముందే లారీలను వదిలితే ఏమవుతుందో ఈ మధ్యకాలంలో ఎముకకూ అదే అవుతుంది. సాధన పెంచిన కొన్ని వారాలకు నొప్పి మొదలవడం వెనుక కారణం ఇదే.

ఈ దశలో ఎముక లోపల వాపు ఉంటుంది, కంటికి కనిపించని సన్నని చీలికలు ఉంటాయి. ఎక్స్‌రే ఈ రెండింటినీ చూపలేదు. అది చూపేది ఎముక మానడం మొదలుపెట్టాక పైపొరపై ఏర్పడే కొత్త ఎముకను, లేదా పగులు బాగా వెడల్పయ్యాక కనిపించే గీతను. అందుకు కనీసం రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కొన్ని పగుళ్లు ఎప్పటికీ ఎక్స్‌రేకు ఎక్కకుండానే మానిపోతాయి.

ఈ ఇబ్బంది కొత్తదేమీ కాదు. ప్రష్యా సైన్యంలో వైద్యుడైన బ్రైట్‌హాప్ట్ సుదీర్ఘ కవాతుల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని 1855లోనే వర్ణించాడు. ఎక్స్‌రే కనుగొన్న రెండేళ్లకు, అంటే 1897లో, ఆ పాదాల్లో ఉన్నది ఎముక పగులేనని స్టెకోవ్ చూపగలిగాడు.

స్కాన్ కంటే ముందు బొటనవేలు

ఏ యంత్రం దగ్గరికి వెళ్లేముందైనా చేతితో చేసే పరీక్ష ఒకటుంది. పరుగెత్తేవారిలో ఎక్కువగా దెబ్బతినేది మోకాలి కింద ముందుండే పెద్ద ఎముక. దీన్ని టిబియా అంటారు. కుర్చీలో కూర్చుని, కాలు వదులుగా పెట్టి, ఆ ఎముక లోపలి అంచు వెంట మోకాలి కింద నుంచి చీలమండ దాకా బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. రెండు కాళ్లకూ చేయండి, తేడా తెలుస్తుంది.

నొప్పి ఒక రూపాయి బిళ్ల అంత చోటే ఉండి, అక్కడ నొక్కగానే ప్రాణం జివ్వుమంటే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను అనుమానించాలి. అదే నొప్పి అయిదు సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ పొడవున అంచు వెంట పరుచుకుని ఉంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్. అంటే ఎముక అంచున పొర ఒత్తిడికి గురై నొప్పి పెట్టడం. రెంటికీ ఇంకో తేడా ఉంది. షిన్ స్ప్లింట్స్ నొప్పి పరుగు మొదట్లో ఉండి, ఒళ్లు వేడెక్కాక కొంత సర్దుకుని, ఆపాక మళ్లీ వస్తుంది. పగులు నొప్పి అలా కాదు. పరుగు సాగేకొద్దీ పెరుగుతుంది, రోజులు గడిచేకొద్దీ ముందుగానే మొదలవుతుంది, చివరికి నడకలోనూ, పడుకున్నప్పుడూ వదలదు.

మూడో అవకాశాన్ని చాలామంది మరిచిపోతారు. పరుగు మొదలుపెట్టిన ప్రతిసారీ దాదాపు అదే దూరానికి పిక్క లేదా కాలి ముందు భాగం బిగుసుకుపోయి, పాదం మొద్దుబారినట్లయి, ఆగిన కొన్ని నిమిషాలకు పూర్తిగా తగ్గిపోతే అది ఎముక నొప్పి కాకపోవచ్చు. కండరాల చుట్టూ ఉన్న పొరలో ఒత్తిడి పెరిగే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ కావచ్చు. ఇందులో మామూలుగా ఉన్నప్పుడు ఎముక మీద నొక్కితే నొప్పి ఉండదు. దీన్ని నిర్ధారించాలంటే పరుగుకు ముందు, తరువాత కండరంలో సూదితో ఒత్తిడి కొలవాలి. ఎంఆర్‌ఐ తీయించి ‘అంతా బాగుంది’ అన్న రిపోర్టు పట్టుకుని తిరిగేవారిలో ఇలాంటివారు కూడా ఉంటారు.

ఒంటికాలిపై గెంతించి చూడడం వైద్యులు చేసే మరో పరీక్ష. టిబియాకు అది పనికొస్తుంది. గజ్జల్లో నొప్పి ఉన్నప్పుడు మాత్రం దయచేసి మీరు సొంతంగా గెంతి చూడకండి. తొడ ఎముక మెడభాగంలో పగులు ఉంటే ఆ గెంతుతోనే అది పూర్తిగా విరగవచ్చు. కంపించే ట్యూనింగ్ ఫోర్కును ఎముకపై ఆనించి నొప్పి వస్తుందేమో చూసే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. దాని మీద ఆధారపడి పగులు ఉందనో లేదనో తేల్చడానికి వీల్లేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. పరుగుతో సంబంధం లేకుండా రాత్రిళ్లు నొప్పి వేధించడం, జ్వరం, బరువు తగ్గడం, ముఖ్యంగా కౌమారంలో ఉన్నవారికి మోకాలి దగ్గర వాపు పెరుగుతూ పోవడం ఉంటే విశ్రాంతితో చూద్దామని ఆగకూడదు. ఎముక కణితి, ఇన్ఫెక్షన్ కూడా మొదట్లో ఆటల దెబ్బలాగే మభ్యపెడతాయి. ఇలాంటప్పుడు ఎక్స్‌రే అదే వారంలో కావాలి. ఎక్స్‌రే నిజంగా విలువైన పని చేసే సందర్భాల్లో ఇదొకటి.

ఏ చోటు ఎంత ప్రమాదం

టిబియా లోపలి, వెనుక అంచు, పక్కనే ఉండే సన్నని ఎముక, మడమ, పాదంలో రెండు, మూడు, నాలుగు వేళ్ల వెనుక పొడవాటి ఎముకల మధ్యభాగం. ఇవి సాధారణంగా విశ్రాంతితో మానేవి. భారం తగ్గిస్తే శరీరమే తన పని చేసుకుంటుంది. నిర్ధారణ ఒక వారం ఆలస్యమైనా, పరుగు ఆపి ఉంటే, పెద్ద నష్టం ఉండదు.

రెండో జాబితా వేరు. తొడ ఎముక మెడభాగం, టిబియా ముందువైపు మధ్యభాగం, చీలమండ లోపలి గుబ్బ, పాదం పైభాగంలో ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముక, చిటికెన వేలి వెనుక ఎముక మొదలు, బొటనవేలి కింద ఉండే గింజల్లాంటి ఎముకలు. ఇక్కడ రక్తప్రసరణ తక్కువగానో, పగులును విడదీసే లాగుడు ఎక్కువగానో ఉంటుంది. ఇవి సరిగా మానవు, కొన్నిసార్లు పూర్తిగా విరుగుతాయి, శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

వీటిలో అన్నిటికంటే భయపడాల్సింది తొడ ఎముక మెడభాగం. నొప్పి గజ్జల్లో లేదా తొడ ముందు భాగంలో ఉంటుంది, ఒక్కోసారి మోకాలిలో మాత్రమే తెలుస్తుంది. అందుకే మోకాలికి ఎక్స్‌రే తీసి, బాగుందని పంపేసే సందర్భాలు ఉంటాయి. ఈ ఎముక పైవైపు పగిలితే నడుస్తున్నప్పుడు పడే భారం ఆ పగులును తెరుస్తూ పోతుంది. అది జారిందంటే తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. ఇరవై ఏళ్ల వయసులో తుంటి కీలు పోగొట్టుకోవడం ఎంతటి నష్టమో వేరే చెప్పక్కర్లేదు. గజ్జల నొప్పితో కుంటుతున్న రన్నరును, రిపోర్టు వచ్చేదాకా చంకకర్రల మీదే నడిపించాలి.

నావిక్యులర్ సంగతి ఇంకో రకం. నొప్పి పాదం పైన మధ్యలో, అస్పష్టంగా ఉంటుంది. రెండు రోజులు ఆగితే తగ్గుతుంది, పరుగెత్తితే వస్తుంది. నొప్పి పెద్దగా లేకపోవడం వల్లే నెలల తరబడి దొరకదు. పాదం పైభాగాన, చీలమండ ముందు ఒక ఎముక గట్టుగా తగులుతుంది. సరిగ్గా అక్కడ నొక్కితే నొప్పి వస్తే, వేరే రుజువు వచ్చేదాకా అది పగులే అనుకుని నడుచుకోవాలి.

పిరుదులో లోతుగా నొప్పి ఉంటే దాదాపు అందరూ సయాటికా అనుకుంటారు. నడుముకు ఎంఆర్‌ఐ తీయిస్తారు. నొప్పి లేనివారిలోనూ తరచుగా కనిపించే డిస్క్ ఉబ్బు ఒకటి అందులో కనిపిస్తుంది, నేరం దాని మీదకు పోతుంది. అసలు పగులు ఇంకా కింద, వెన్ను చివరి త్రికాస్థిలో ఉండవచ్చు. నడుము స్కానులో ఆ భాగం పూర్తిగా పడకపోవచ్చు. దూరం పరుగెత్తేవారైతే, ముఖ్యంగా స్త్రీలైతే, త్రికాస్థితో సహా కటి భాగానికి స్కాన్ కావాలని అడగండి.

పరీక్షల పోలిక

ఎక్స్‌రే కొన్ని వందల రూపాయల్లో, ఏ పట్టణంలోనైనా, అప్పటికప్పుడు అయిపోతుంది. దాన్ని తీసిపారేయనక్కర్లేదు. పగులు కనిపిస్తే నమ్మవచ్చు. కణితిలాంటి పెద్ద విషయాలను పట్టిస్తుంది. కనిపించకపోతే మాత్రం ‘ఇప్పటికింకా తెలియదు’ అని చదువుకోవాలి. పరుగు ఆపి, రెండు మూడు వారాల తరువాత అదే చోట మళ్లీ తీయిస్తే మానుతున్న గుర్తు దొరికే అవకాశం పెరుగుతుంది. రెండు కోణాల్లో తీయించండి. ఎక్కడ నొప్పో చీటీ మీద రాయించండి. ‘కుడి కాలు’ అని మాత్రమే రాస్తే రేడియాలజిస్టు దేని కోసం వెతకాలి?

అల్ట్రాసౌండ్ చవకే, రేడియేషన్ ఉండదు. పాదం పొడవాటి ఎముకల మీద పైపొర మందం కావడాన్ని అనుభవమున్న చేయి పట్టుకోగలదు. తుంటిలాంటి లోతైన ఎముకలకు ఉపయోగం లేదు. చేసేవారి నైపుణ్యం మీదే అంతా ఆధారపడుతుంది కనుక దీన్ని మొదటి ఎంపికగా నేను సూచించను.

బోన్ స్కాన్ చాలాకాలం ఈ రంగంలో రాజ్యమేలింది. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, సుమారు మూడు గంటలు ఆగి, కెమెరా కింద పడుకోబెడతారు. ఎముక ఎక్కడ చురుగ్గా మరమ్మతు జరుపుకుంటోందో అక్కడ నల్లని మచ్చగా కనిపిస్తుంది. నొప్పి మొదలైన రెండు మూడు రోజులకే పట్టేస్తుంది. ఏమీ లేదని వస్తే దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు. ఉందని వస్తేనే చిక్కు. అది పగులో, ఇన్ఫెక్షనో, కణితో, లేక గట్టిగా సాధన చేసే ఎముక మామూలు చురుకుదనమో విడమరిచి చెప్పలేదు. పగులు మానాక కూడా నెలల తరబడి అలాగే కనిపిస్తుంది కనుక, మళ్లీ పరుగు మొదలుపెట్టవచ్చా అన్న ప్రశ్నకు దీనితో సమాధానం దొరకదు. ప్రకృతి నుంచి మనకు సుమారు రెండేళ్లలో అందేంత రేడియేషన్ ఒక్కసారికే పడుతుంది. గర్భిణులకు వద్దు. పెద్ద నగరాల్లోని న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లోనే దొరుకుతుంది. శరీరంలో పేస్‌మేకర్‌లాంటిది ఉండి ఎంఆర్‌ఐ కుదరనివారికి, ఒకేసారి చాలా చోట్ల అనుమానం ఉన్నవారికి ఇప్పటికీ దీనికొక స్థానం ఉంది.

సీటీ స్కాన్‌ను చాలామంది ఎంఆర్‌ఐకి చవక ప్రత్యామ్నాయంగా తీయించుకుంటారు. ఇది పొరపాటు ఎంపిక. సీటీ గట్టి ఎముకను అద్భుతంగా చూపుతుంది కానీ తొలి దశ వాపును చూపదు. కనుక మొదటి వారాల్లో ఎక్స్‌రే లాగానే ఇదీ మోసం చేయవచ్చు. దీని అసలు విలువ పగులు ఉందని తెలిశాక. నావిక్యులర్‌లో చీలిక పైపొరలోనే ఉందా, అటు నుంచి ఇటు దాకా పోయిందా? టిబియా ముందు భాగంలో నల్లగీతలా కనిపించే పగులు ఎంత లోతు? శస్త్రచికిత్స కావాలా వద్దా అన్న నిర్ణయం ఇలాంటి కొలతల మీద నిలుస్తుంది, అవి సీటీ ఇచ్చినంత స్పష్టంగా మరేదీ ఇవ్వదు.

ఇక ఎంఆర్‌ఐ. ఖర్చు వేలల్లో ఉంటుంది, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో వేచి ఉండాల్సి రావచ్చు. అయినా అనుమానం బలంగా ఉన్నప్పుడు ఇదే ఉత్తమమని నిస్సందేహంగా చెబుతాను. రేడియేషన్ లేదు. మూలుగలోని వాపును పగులు ఏర్పడకముందే చూపుతుంది. అది కండరమా, ఎముకా, పొరా అన్నది విడదీసి చెబుతుంది. దీనితో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. గాయం తీవ్రతను గ్రేడులుగా చెప్పవచ్చు. టిబియాకు 1995లో ఫ్రెడరిక్సన్ బృందం ఇచ్చిన వర్గీకరణనే ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. మొదటి గ్రేడులో ఎముక పైపొరలో మాత్రమే వాపు, రెండు మూడు గ్రేడుల్లో మూలుగలోకి వాపు, నాలుగో గ్రేడులో స్పష్టమైన పగులు గీత. మొదటి గ్రేడువారు రెండు మూడు వారాల్లో కోలుకోవచ్చు, నాలుగో గ్రేడువారికి మూడు నెలలు పట్టవచ్చు. పరీక్ష తేదీ దగ్గర పడుతున్న అభ్యర్థికి ఈ తేడా ఎంత ముఖ్యమో ఆలోచించండి.

ఎంఆర్‌ఐని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఏ నొప్పీ లేని 21 మంది కళాశాల దూరపరుగు క్రీడాకారులకు ఎంఆర్‌ఐ తీసిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. వారిలో 43 శాతం మంది టిబియాలో ఒత్తిడి మార్పులు కనిపించాయి. అంటే స్కానులో మెరిసిన ప్రతిదీ గాయం కాదు. నొక్కితే నొప్పి ఉన్న చోటూ, స్కానులో వాపు ఉన్న చోటూ ఒకటే అయినప్పుడే ఆ రిపోర్టుకు అర్థం. స్కాన్ గదిలోకి వెళ్లేముందు నొప్పి ఉన్న చోట చర్మం మీద విటమిన్ ఇ గుళికనో చేపనూనె గుళికనో టేపుతో అంటించమని అడగండి. గుళికలోని నూనె స్కానులో తెల్లగా మెరిసి గుర్తుగా నిలుస్తుంది. రూపాయల్లో పోయే ఈ గుళిక వేల రూపాయల స్కానుకు చూపునిస్తుంది. కొవ్వును అణచివేసి తీసే దృశ్యాలు తప్పక ఉండాలని కూడా చీటీలో రాయించండి. అవి లేకపోతే తొలి దశ వాపు మామూలు మూలుగలో కలిసిపోయి కంటికి ఆనదు.

నేనైతే ఇలా ఎంచుకోమంటాను

టిబియా లోపలి అంచున ఒకేచోట నొప్పి, నడకలో ఇబ్బంది లేదు, పోటీ ఏదీ దగ్గర్లో లేదు: స్కాన్ అక్కర్లేదు. పగులు ఉన్నట్టే భావించి పరుగు ఆపండి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు, నొప్పి రానంత మేరకు ఈత, సైకిలు. మూడు వారాలకు ఒక ఎక్స్‌రే. నొప్పి తగ్గుతూ ఉంటే అదే మీ నిర్ధారణ. ఎంఆర్‌ఐ తీసినా చికిత్స మారదు, డబ్బే ఖర్చవుతుంది.

అదే చోట నొప్పి, కానీ దేహదారుఢ్య పరీక్ష ఆరేడు వారాల్లో ఉంది: ఎంఆర్‌ఐకి పెట్టే డబ్బు వృథా కాదు. షిన్ స్ప్లింట్స్ అయితే తగ్గించుకుని సిద్ధం కావచ్చు, పగులు గీత ఉంటే ఈసారి వదులుకోవాలి. పగులు ఉన్న కాలితో మైదానంలో పూర్తిగా విరిచేసుకుంటే పోయేది ఈ ఒక్క నోటిఫికేషన్ మాత్రమే కాదు. ఈ నిర్ణయం ఇంట్లోవాళ్లకు మింగుడుపడదని తెలుసు. పొలం పనికో కోచింగుకో ఏడాది పెట్టిన కుటుంబానికి ‘పరుగెత్తకు’ అని చెప్పడం తేలిక కాదు. గ్రేడు రాసి ఉన్న రిపోర్టు చేతిలో ఉంటే ఆ మాట చెప్పడం కాస్త సులువవుతుంది.

గజ్జలు, తొడ లోపలి భాగం, పాదం పైన మధ్యభాగం, టిబియా ముందువైపు: ఎక్స్‌రే తీయించండి, అది బాగుందన్నా ఆగకుండా వారంలోపే ఎంఆర్‌ఐకి వెళ్లండి. మూడు ఎక్స్‌రేలు, నెల రోజుల ఫిజియోథెరపీ, రెండు మూడు సార్లు డాక్టరు ఫీజు కలిపితే తరచుగా ఆ ఎంఆర్‌ఐ ఖర్చును దాటిపోతాయి. డబ్బు ఆదా చేయాలనుకుని ఆలస్యం చేసినవారే చివరికి ఎక్కువ ఖర్చు పెడతారు. తొడ ఎముక మెడభాగమని అనుమానమైతే అదే రోజు ఎముకల వైద్యుడి దగ్గరికి, ఆ కాలు నేల మీద పెట్టకుండా. 2008లో మారథాన్ ప్రపంచ రికార్డు పౌలా రాడ్‌క్లిఫ్ పేరిటే ఉంది. బీజింగ్ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు ఆమెకు తొడ ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. అంతటి క్రీడాకారిణి కూడా ఆ ఒలింపిక్స్‌లో 23వ స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తొడ ఎముక గాయం తొందరపెడితే మానేది కాదు.

ఎవరి దగ్గరికి

స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు హైదరాబాద్ లాంటి చోట దొరికితే వారిదే మొదటి స్థానం. సాధన వివరాలు అడిగే అలవాటు వారికి ఉంటుంది. జిల్లా కేంద్రాల్లో ఎముకల వైద్యుడు సరిపోతాడు. వారానికి ఎంత పరుగెత్తేవారు, ఎప్పటి నుంచి ఎంతకు పెంచారు, ఏ నేల మీద, ఏ బూట్లతో అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. కిందపడలేదు, దెబ్బ తగలలేదు అన్న రోగిలో పగులు ఉంటుందని తట్టడానికి ఆ కాగితమే కారణం కావచ్చు. ఫిజియోథెరపిస్టులు చేతి పరీక్షలో చాలామంది దిట్టలు, కోలుకునే దశలో వాళ్లే ప్రధానం. నిర్ధారణ లేకుండా వ్యాయామాలు మాత్రం మొదలుపెట్టించుకోకండి.

పుత్తూరు కట్టు మీద మన ప్రాంతంలో తరాలుగా నమ్మకం ఉంది. ఆ గౌరవాన్ని నేను కాదనను. అయితే స్ట్రెస్ ఫ్రాక్చర్‌లో సరిచేయడానికి జారిన ఎముక ఏదీ ఉండదు. ఎముకకు కావాల్సింది భారం తగ్గడం. కట్టు వల్ల నడక తగ్గితే కొంత మేలు జరగవచ్చు కానీ, తొడ మెడభాగంలోనో నావిక్యులర్‌లోనో పగులు ఉంటే, ఏ స్కానూ లేకుండా కట్టుతో గడిపే ప్రతి వారమూ నష్టమే. నొప్పి ఉన్న ఎముకపై గట్టిగా నూనె మర్దన చేయించడం మాత్రం ఎక్కడా, ఎవరి చేతనైనా వద్దు. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తడం అంతకంటే ప్రమాదకరం. ఆగమని ఒళ్లు ఇస్తున్న హెచ్చరికను అవి నొక్కేస్తాయి, కొన్ని రకాలు ఎముక మానడాన్ని మందగింపజేయవచ్చన్న అనుమానమూ ఉంది. తప్పనిసరైతే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోండి, అదీ విశ్రాంతిలో ఉన్నప్పుడు.

పగులు దొరికాక అడగాల్సిన పరీక్షలు

పగులు ఎక్కడుందో తేలగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఎందుకు వచ్చిందన్నది ఎవరూ అడగరు. దూరం ఒక్కసారిగా పెంచడం ఒక కారణం. తిండి చాలకపోవడం అంతే పెద్ద కారణం. ఖర్చు చేసే శక్తికి సరిపడా తినకపోతే ఎముక మరమ్మతును శరీరం వాయిదా వేస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీన్ని స్త్రీ పురుషులిద్దరికీ వర్తించే సమస్యగా గుర్తించింది. అమ్మాయిల్లో దీని స్పష్టమైన ఆనవాలు నెలసరి ఆగిపోవడం. సాధన ఎక్కువైతే అలా ఆగడం మామూలేనని శిక్షకులు చెబుతుంటారు. అది మామూలు కాదు, ఎముక బలహీనపడుతోందన్న సూచన. నెలసరి గురించి డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడకండి, అడగకపోయినా చెప్పండి.

విటమిన్ డి రక్త పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇంత ఎండలో ఉంటూ కూడా మన రాష్ట్రాల్లో దీని లోపం సర్వసాధారణం. సూర్యోదయానికి ముందే పరుగు ముగించి, పగలంతా గదిలో కూర్చునేవారికి ఎండ దక్కేది ఎప్పుడు? డెక్సా అనే ఎముక సాంద్రత పరీక్ష పగులును చూపదు, కనుక మొదటి నొప్పికి దాన్ని తీయించడం అనవసరం. రెండోసారి పగులు వచ్చినవారికి, తుంటిలోనో త్రికాస్థిలోనో వచ్చినవారికి, నెలసరి ఆగిపోయినవారికి మాత్రం అది కావాలి.

మళ్లీ స్కాన్ తీయాలా

టిబియా, పాదం వేళ్ల ఎముకలకు మళ్లీ ఎంఆర్‌ఐ అవసరం లేదు. నొప్పి పోయాక కూడా మూలుగలో వాపు నెలల తరబడి కనిపిస్తుంది, అది చూసి అనవసరంగా బెంబేలెత్తుతారు. నొక్కితే నొప్పి లేకపోవడం, వారం పది రోజులు చురుగ్గా నడిచినా నొప్పి రాకపోవడం, ఆపై ఒంటికాలిపై హాయిగా గెంతగలగడం చాలు. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో, రోజు విడిచి రోజు మొదలుపెట్టవచ్చు.

నావిక్యులర్ వేరు. అక్కడ ఆరు నుంచి ఎనిమిది వారాలు కాలు నేల మోపకుండా కట్టులో ఉంచుతారు. విప్పాక గట్టు మీద నొక్కి నొప్పి ఉందేమో చూస్తారు, చీలిక పూడిందో లేదో తెలియాలంటే సీటీ తీయించాల్సి రావచ్చు. తొడ ఎముక మెడభాగానికి కూడా ఎప్పుడు కాలు మోపాలి, ఎప్పుడు మళ్లీ స్కాన్ తీయాలి అన్నది శస్త్రవైద్యుడు నిర్ణయించాలి. మొదటి స్కాన్ సీడీని, ఫిల్మును పారేయకుండా దాచండి. రెండోది తీసినప్పుడు రేడియాలజిస్టు మొదట అడిగేది దాన్నే.